రాయదుర్గం గడ్డి మీద నడవరాదు

"ఈ రాయదుర్గం నేల మీద ఇకనుంచి ఒక్క కలుపు మొక్క కూడా తలెత్తుకుని తిరగలేదు!" అని మంత్రి సీతారామాంజనేయులు గారు ప్రకటించినప్పుడు, మొక్కలు తిరగవు కదా అన్న అనుమానం అక్కడున్న విలేకరుల్లో ఎవరికీ రాలేదు. అంత గంభీరంగా చెప్పారాయన.

నేను లింగంపల్లి విలేకరిని. మా పత్రికలో నాకు దొరికేది ఆరో పేజీ కింది మూల. ఆ రోజు మొదటి పేజీ వార్త నా చేతికి చిక్కిందన్న ఆనందంలో మంత్రి గారి మాటలు ఒక్కటి కూడా వదలకుండా రాసుకున్నాను.

సంగతేమిటంటే, విదేశాల్లోని ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ చైర్మన్ చలికాలంలో హైదరాబాద్ రాబోతున్నాడు. తన కంపెనీ కొత్త ఆఫీసు ఇక్కడ పెట్టాలా, బెంగళూరులో పెట్టాలా అన్నది ఆయన తేల్చుకోవాలి. బెంగళూరులో గోల్ఫ్ మైదానం ఉంది.

"మనకు లేనిది తెలివి కాదు. ఇంజనీర్లు కాదు. కరెంటు కూడా కాదు!" అన్నారు మంత్రి గారు. ఆ మాట దగ్గర మైకు ఆగిపోయింది. అయినా ఆయన గొంతు కరెంటు మీద ఆధారపడింది కాదు. "మనకు లేనిది గడ్డి! ఈ గుట్టల మధ్య అంతర్జాతీయ స్థాయి గడ్డి పెంచి చూపిస్తాం!"

చప్పట్లు ఆగాక, పక్కనున్న ప్రత్యేకాధికారి సుబ్రహ్మణ్యం గారిని మెల్లగా అడిగారు.

"ఎన్ని గుంతలుంటాయండీ ఈ ఆటకి?"

"తొమ్మిది పెడుతున్నామండి."

"తొమ్మిదేనా? మా ఊళ్లో బస్టాండు రోడ్డు మీదే అంతకంటే ఎక్కువున్నాయి."

"అవి వాటంతటవే పడ్డవండి. ఇవి ప్లాను ప్రకారం తవ్వేవి."

సుబ్రహ్మణ్యం గారు అంతకుముందు జైళ్ల శాఖలో పనిచేశారు. కంచెలు వేయించడంలో దిట్ట. వారం తిరక్కముందే గుట్ట వాలు చుట్టూ ముళ్లకంచె లేచింది. గడ్డి ఇంకా మొలవకపోయినా, అది పారిపోయే అవకాశం మాత్రం లేకుండా చేశారు.

గడ్డిని పెంచే పని దేవరాజుది. జహీరాబాద్ దగ్గరి మనిషి. వ్యవసాయం చదివి, బెంగళూరు గోల్ఫ్ మైదానంలో కొన్నాళ్లు పనిచేశాడు. చైర్మన్ వచ్చేసరికి మైదానం పచ్చగా ఉంటే ఉద్యోగం పర్మనెంట్ చేస్తామని మాట ఇచ్చారు. ఆ ఒక్క మాట నమ్మి అక్కడి పని వదిలేసి వచ్చాడు. భార్య మరియమ్మ మూసాపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. ఎవరో ఒకరి ఉద్యోగం గట్టిదైతే తప్ప ఇద్దరూ ఒకే ఊళ్లో స్థిరంగా ఉండే యోగం లేదు వాళ్లకు.

కంచె వేసిన వాలు మీద అంతవరకూ కనకమ్మ బర్రెలు మేసేవి. ఆమె ఇల్లు గుట్ట కిందే. కంచె వచ్చాక బర్రెలు బయట, గడ్డి లోపల అయిపోయాయి. సుబ్రహ్మణ్యం గారు న్యాయమెరిగినవారు. ఆమెను కలుపు తీసే కూలీగా పెట్టుకుని, పీకిన కలుపును మోపు కట్టుకుపోవడానికి అనుమతించారు.

కలుపుపై సమరాన్ని మంత్రి గారే స్వయంగా ప్రారంభించారు. షామియానా కింద బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దేవరాజు కొన్ని మొక్కలు వేళ్లతో సహా పెట్టాడు.

"ఇది వయ్యారిభామ, సార్."

"ఇంత మంచి పేరున్న మొక్కను పీకడమేమిటయ్యా?" అని మంత్రి గారు దాన్ని చేతిలోకి తీసుకుని ఫోటోగ్రాఫర్ వైపు తిరిగారు.

"ముట్టుకుంటే దురద పెడుతది, సార్."

మంత్రి గారు దాన్ని సుబ్రహ్మణ్యం గారి చేతిలో పెట్టారు. "ముందు దీన్నే పీకించండి."

"ఇది తుంగ," అన్నాడు దేవరాజు. "పైపైన పీకితే లాభం లేదు సార్. లోపల గడ్డ ఉంటది. ఒకటి పీకితే నాలుగు మొలుస్తయి."

"మా జిల్లా అసమ్మతి వర్గంలాగా అన్నమాట!"

"దానికేం చేశారు సార్?" అని నేను అడిగాను.

"అందరికీ తలో పదవి ఇచ్చాం."

సుబ్రహ్మణ్యం గారు వెంటనే అందుకున్నారు. "గోల్ఫ్‌లో రఫ్ అని ఒక ఏరియా ఉందండి. మైదానం అంచున. అక్కడ గడ్డి ఎలా పెరిగినా ఎవరూ అడగరండి."

"ఇంకేం! తుంగను అక్కడికి బదిలీ చేయండి."

అలా తుంగ సమస్య పరిష్కారమైంది. మిగిలింది మూడో మొక్క. దేవరాజు దాన్ని ప్రేమగా ఎత్తి చూపించాడు.

"ఇది గరిక, సార్. బయటినుంచి తెప్పిస్తమంటున్న బెర్ముడా గడ్డి దీని జాతిదే. ఈ వాలు మీద ఇప్పటికే దండిగా ఉన్నది. దీన్నే కాపాడుకుని, కోసుకుంట, ఇసుక వేసుకుంట పోతే చాలు. ఎండకు ఓర్చుకుంటది, కాళ్ల కింద నలిగినా లేస్తది."

సుబ్రహ్మణ్యం గారి ముఖం పాలిపోయింది.

"గరికంటే... వినాయకుడి పత్రిలో పెట్టే గరికేనా?"

"అవును సార్."

మంత్రి గారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. "ఏమయ్యా, అంత దూరం నుంచి వచ్చిన మనిషికి మన దొడ్లో గడ్డి చూపిస్తావా? పరువుండాలా వద్దా? ఈ మాట బయటికి పొక్కకూడదు." నా వైపు తిరిగి, "నువ్వు కూడా రాయకు," అన్నారు. దేశభక్తితో నేను కలం మూశాను.

గరికను కలుపుగా ప్రకటిస్తూ ఉత్తర్వు వచ్చింది. మర్నాటి నుంచి కనకమ్మ, తోటి ఆడవాళ్లు పొద్దున పూట వాలుకి ఈ పక్క గరికను పీకి, మధ్యాహ్నం ఆ పక్క లారీలో దిగిన బెర్ముడాను నాటారు.

"ఎట్లుందమ్మా పని?" అని అడిగాను.

"ఏముంది అన్నా, ఈ పక్క పీకుడు, ఆ పక్క నాటుడు. రెండిటికీ కూలి ఇస్తుండ్రు. నా బర్రెలకైతే మస్తు మేత. నాకేం ఫికర్?" అంది కనకమ్మ, మోపు నెత్తికెత్తుకుంటూ.

వానలు పడ్డాయి. బెర్ముడా అంటుకుంది. దానితోపాటు లద్దెపురుగూ వచ్చింది. ఒక ఉదయం నేను వెళ్లేసరికి దేవరాజు మోకాళ్ల మీద కూర్చుని, ఎర్రబారిన చోట సబ్బునీళ్లు పోస్తున్నాడు. కాసేపటికి నేలలోంచి పురుగులు ఒకదాని వెనుక ఒకటి పాక్కుంటూ పైకి వచ్చాయి, సభకు పిలిచినట్టు.

"ఇప్పుడే మందు కొట్టాలె సార్," అన్నాడు సుబ్రహ్మణ్యం గారితో. "పొద్దుగూకేముందు కొడితే చాలు. ఇయ్యాల రేపట్ల కొట్టాలె."

"అలా తొందరపడితే ఎలాగండీ? ముందు సదస్సు జరగాలి కదా."

సదస్సు ఒక పెద్ద హోటల్లో జరిగింది. సుబ్రహ్మణ్యం గారు ల్యాప్‌టాప్ పెట్టి, తెర మీద పురుగు బొమ్మను కుడినుంచి ఎడమకి పాకించారు. హాలంతా చప్పట్లు. 'పురుగు రహిత రాయదుర్గం' అనే లక్ష్యపత్రాన్ని మంత్రి గారు ఆవిష్కరించారు. భోజనాల్లో రొయ్యల వేపుడు బాగుంది. ఇదంతా అయ్యి, తీర్మానాలు టైపై, సంతకాలయ్యేసరికి మైదానంలో పురుగులు కనిపించడం మానేశాయి. తినవలసిన గడ్డి తినేసి, నేలలోకి దిగిపోయాయి.

"ప్రభుత్వ చిత్తశుద్ధికి తలవంచి పురుగులు స్వచ్ఛందంగా అజ్ఞాతంలోకి వెళ్లాయి," అని సుబ్రహ్మణ్యం గారు ప్రకటించారు.

"అజ్ఞాతం కాదు సార్," అన్నాడు దేవరాజు. "లోపల గూడు కట్టుకున్నయి. ఇగ రెక్కలతోని బయటికొస్తయి."

"వస్తే?"

"మళ్లా గుడ్లు పెడతయి."

"ఫర్వాలేదు లెండి. అప్పటికి నాకు బదిలీ అయిపోతుంది."

బదిలీ కాలేదు. పురుగులు మాత్రం చెప్పినట్టే వచ్చాయి. ఈసారి సుబ్రహ్మణ్యం గారు భయపడి, పుర్రె బొమ్మ ఉన్న మందు డబ్బాలు తెప్పించి, అప్పటికప్పుడు కొట్టమన్నారు. దేవరాజు కొట్టలేదు. స్కూటరు మీద నన్ను ఎక్కించుకుని కనకమ్మ ఇంటికి పోయాడు.

"అక్కా, ఇగ కొన్ని దినాలు మైదానంల గడ్డి మోపు తీసుకపోవద్దు. కంచె పక్కన కూడా బర్రెలను కట్టెయ్యకు. విషం కొడుతున్నం."

కనకమ్మ పాలు పితకడం ఆపి తల ఎత్తింది. "మరి వీటికేం పెట్టాలె సారూ? మీరు కర్రతోని కొట్టే ఆ తెల్ల గోళీలు పెట్టాల్నా?"

"నేను చూస్త."

"నువ్వేం చూస్తవు? మందు నీ సర్కారుది, కంచె నీ సర్కారుది. బర్రెలొక్కటే నావి." ఆమె పక్కనున్న బర్రె పొట్ట నిమిరింది. "ఈ చూడిబర్రె పోతే నేను బతుకుడెట్ల?"

మర్నాడు దేవరాజు లింగంపల్లి నుంచి ట్రాలీ ఆటోలో ఎండుగడ్డి తెచ్చి ఆమె వాకిట్లో తనే దింపాడు. ఆ తర్వాతే మందు కొట్టించాడు, అదీ చెప్పినదాంట్లో సగం కూడా కాదు. మిగిలిన పని గోరింకలూ కొంగలూ చూసుకున్నాయి. విదేశీయుడు కొంగలను చూసి ఇది చేపల చెరువనుకుంటాడేమోనని సుబ్రహ్మణ్యం గారు డబ్బా వాయించే మనిషిని పెట్టారు. దేవరాజు ఆ మనిషికి రోజూ చాయ్ తాగి రమ్మని పైసలిచ్చి పంపేవాడు.

చలికాలానికి గడ్డి లేచింది. నేను వ్యంగ్యంగా చెప్పడం లేదు. అంత పచ్చదనం ఆ గుట్టల మధ్య నేనెప్పుడూ చూడలేదు. పొద్దున్నే మంచు పట్టి వెండి పూత పూసినట్టుండేది. దేవరాజు చెప్పులు విప్పి దాని మీద నడుస్తూ, ఎక్కడైనా ఆగి అరికాలితో నొక్కి చూసేవాడు. ఆదివారం చర్చి అయ్యాక మరియమ్మ టిఫిన్ క్యారియర్‌తో వచ్చేది.

"దవాఖానల పేషెంట్లను కూడా ఇట్ల చూసుకోరు," అంది ఒకసారి నాతో. "ఇంట్ల నాకు జ్వరమొస్తే గోళీ ఏసుకో అన్నడు. దీనికి పచ్చదనం తగ్గితే అన్నం తినలే."

"నువ్వు లేచి తిరుగుతవు గదా," అన్నాడు దేవరాజు సిగ్గుపడుతూ.

ఆ ముచ్చట జరిగిన వారంలోనే దేవరాజు సుబ్రహ్మణ్యం గారికి తన చివరి చింత చెప్పాడు. ట్రాఫిక్ వల్ల గడ్డి దెబ్బతింటుంది. ఒకే దారిన జనం నడిచినా, బండ్లు తిరిగినా నేల గట్టిపడి వేళ్లకు గాలి ఆడదు. దారులు మారుస్తూ ఉండాలి, ముళ్ల రోలరుతో నేలను గుచ్చాలి, తడిగా ఉన్నప్పుడు అసలు ఎవ్వరినీ రానివ్వకూడదు.

సుబ్రహ్మణ్యం గారు అంతా విన్నారు. ట్రాఫిక్ అనే మాట ఆయనకు బాగా అర్థమైంది. మర్నాడు రెండో గుంత దగ్గర తెల్ల చొక్కా, టోపీతో ట్రాఫిక్ కానిస్టేబుల్ రామన్న నిలబడ్డాడు. ఐదో గుంత దగ్గర ఎరుపు, పసుపు, ఆకుపచ్చ లైట్లు వెలిగాయి. కంచె మీద బోర్డు లేచింది: 'గడ్డి మీద నడవరాదు.'

మొదటి ఆదివారమే పక్క ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు ఇద్దరు కర్రల సంచులతో వచ్చారు. రామన్న సీటీ ఊది ఆపి, ఇద్దరికీ చలానా రాశాడు.

"ఆడేటోళ్లు కాక ఇంకెవరు నడుస్తరు సార్?" అన్నాడు దేవరాజు.

"అందుకేనండీ, మూలకారణాన్నే ఆపేశాం," అన్నారు సుబ్రహ్మణ్యం గారు. ఆట లేకపోవడం వల్ల మైదానం ఎంత బాగా పెరుగుతున్నదో వివరిస్తూ నేను రాసిన వార్త మూడో పేజీలో వచ్చింది.

చైర్మన్ వచ్చే ముందు రోజు ముసురు పట్టి వాన కురిసింది. తెల్లవారేసరికి మైదానం తడిసి ముద్దయింది. దేవరాజు మడమతో నొక్కితే కాలు దిగబడింది. గేటు బయట బండ్లు ఆపి, అందరూ గుట్ట మీది బాట వెంట నడిచి రావాలని సుబ్రహ్మణ్యం గారి కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు.

"మంత్రి గారిని నడిపిస్తారాండీ?" అన్నారాయన నమ్మలేనట్టు.

పది గంటలకు మంత్రి గారి కాన్వాయ్ వచ్చింది. దాని వెనక స్వాగతం చెప్పడానికి మంత్రి గారి నియోజకవర్గం నుంచి కార్యకర్తల లారీలు వచ్చాయి. దేవరాజు గేటు మధ్యలో చేతులు చాపి నిలబడ్డాడు. నేను అతని పక్కనే ఉన్నాను.

కారు అద్దం దిగింది. "ఎవరయ్యా నువ్వు? ప్రతిపక్షమా?"

"గడ్డి మనిషిని సార్. ఒక్క పూట ఆగుండ్రి. తడి మీద బండ్లు పోతే నేల పిడచగట్టి పోతది. ఇగ లేవదు సార్. మీరే నాటించిండ్రు..."

మంత్రి గారు జాలిగా చూశారు. "పచ్చగానే ఉంది కదయ్యా. ఇంకేం కావాలి?"

వెనక లారీలు హారన్లు మోగించాయి. ట్రాఫిక్ ఆగిపోయిందని గమనించిన రామన్న పరుగున వచ్చి, సీటీ ఊది, అడ్డుగా ఉన్న దేవరాజును రెక్క పట్టుకుని పక్కకు లాగాడు. "జర సమజ్ చేసుకో అన్నా, నా డ్యూటీ గిదే," అని చెవిలో అన్నాడు. తర్వాత చెయ్యి ఊపాడు. ఐదో గుంత దగ్గర ఆకుపచ్చ లైటు వెలిగింది.

మొదట కార్లు, వాటి వెనక లారీలు. దిగబడిన లారీని లాగడానికి ట్రాక్టరు. వేదిక కోసం గుంజలు పాతారు. పులిహోర పొట్లాలు పంచారు. జనం తిన్న చోటే చేతులు కడుక్కున్నారు. దేవరాజు ఒక రాయి మీద కూర్చుని బురదలో తేలుతున్న గడ్డి పెళ్లలను చూస్తున్నాడు. మధ్యాహ్నం చైర్మన్ వచ్చి కారు దిగేసరికి మైదానం దున్నిన చెలకలా ఉంది.

ఆయన పొడుగ్గా, సన్నగా, మర్యాదస్తుడిలా ఉన్నాడు. ప్యాంటు మడమలపైకి మడుచుకుని నలువైపులా చూశాడు. ఏదో అడిగాడు. సుబ్రహ్మణ్యం గారు తెలుగులో చెప్పారు: "ఇక్కడ ఇదివరకు ఏముండేదని అడుగుతున్నారండి."

మంత్రి గారు చక్రాల గాడులను చూశారు. బురదను చూశారు. దేవరాజు వైపు మాత్రం చూడలేదు.

"ఏమీ లేదని చెప్పండి. వారి ఆఫీసు కోసమే చదును చేయించామని చెప్పండి."

చైర్మన్ కళ్లలో వెలుగు వచ్చింది. స్థలం నచ్చిందన్నాడు. ఇంత త్వరగా పునాదులకు సిద్ధం చేసిన ప్రభుత్వాన్ని తానెక్కడా చూడలేదన్నాడు. అక్కడికక్కడే చేతులు కలిపాడు. ఆ ఫోటో మా మొదటి పేజీలో వచ్చింది.

పునాదులు తవ్వే యంత్రాలు వచ్చే ముందు రోజు దేవరాజు నాకు కబురు పెట్టాడు. వెళ్లేసరికి గేటు బార్లా తీసి ఉంది. ఎత్తు మీద లారీలు ఎక్కలేని చోట గడ్డి ఇంకా మిగిలే ఉంది. గేటు బయట కనకమ్మ బర్రెలతో అనుమానంగా నిలబడింది.

"నిజంగనేనా సారూ? గా పోలీసాయన సీటీ ఊదడా?"

"ఊదనీ అక్కా. బర్రెలకు సీటీ సమజ్ కాదు. తోలు."

బర్రెలు లోపలికి వచ్చాయి. ముందు చూడిబర్రె తల వంచి ఒక పట్టు పట్టింది. తర్వాత మిగతావి. అంతర్జాతీయ స్థాయి గడ్డిని అవి నింపాదిగా, ఒక్క పరక కూడా దాటేయకుండా మేశాయి. రామన్న టోపీ తీసి చంకలో పెట్టుకుని చూస్తున్నాడు. దేవరాజు చెప్పులు విప్పి వాటి మధ్య నడిచాడు. చూడిబర్రె వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"తిన్నయి గదా," అన్నాడు చివరికి. నా వైపు తిరిగి, "పేపర్ల రాయకన్నా," అన్నాడు.

రాయలేదు. ఆరో పేజీలో ఆ రోజు చోటు కూడా లేదు.

మరుసటి ఏడు చివరికి అక్కడ అద్దాల భవనం లేచింది. కనకమ్మ బర్రెలను అమ్మేసింది. ఆ భవనం కాంటీన్‌లోనే గిన్నెలు కడుగుతోంది. అక్కడ చాయ్‌కి పాలు ప్యాకెట్లలో వస్తాయి. సుబ్రహ్మణ్యం గారికి ప్రమోషన్ వచ్చింది. మంత్రి గారు మాట తప్పే మనిషి కాదు. దేవరాజును కంపెనీలో పర్మనెంట్ చేయించారు. పై అంతస్తు హాల్లో ఉద్యోగుల విశ్రాంతి కోసం ఒక గుంతతో చిన్న గోల్ఫ్ మైదానం ఏర్పాటు చేశారు. గడ్డి ప్లాస్టిక్‌ది, చుట్టచుట్టి విమానంలో వచ్చింది. రోజూ దాని మీది దుమ్ము దులపడం దేవరాజు పని. మరియమ్మ ఆ సంగతి చుట్టాలకు చెప్పుకుంటూ, "ఏసీల ఉంటడు," అనేది.

దాని ప్రారంభోత్సవానికి నేను వెళ్లాను. మంత్రి గారు రిబ్బను కత్తిరించి, బూట్లు విడిచి, భక్తితో పచ్చదనం మీద అడుగు పెట్టారు. సుబ్రహ్మణ్యం గారు పూలు చుట్టిన వెండి చెంబు అందించారు. దేవరాజు ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. సుబ్రహ్మణ్యం గారు అతని వైపు ఒక్క చూపు చూశారు. దేవరాజు నోరు మూసుకున్నాడు.

మంత్రి గారు ధారగా నీళ్లు పోశారు. ఫోటో సరిగా రాలేదంటే మళ్లీ పోశారు.

"చూశారా, నీళ్లు పడగానే ఎలా నిగనిగలాడుతోందో!"

అందరం చప్పట్లు కొట్టాం. మంత్రి గారు వంగి, తడిసిన గడ్డిని అరచేత్తో నిమిరి, దేవరాజు వైపు తిరిగారు.

"బాగా పెంచావయ్యా. మళ్లీ కోతకెప్పుడొస్తుంది?"

దేవరాజు గడ్డి వైపు చూశాడు. నా వైపు చూశాడు. చేతులు కట్టుకున్నాడు.

"మీరెప్పుడంటే అప్పుడే సార్."